పెద్దాయనకు కప్పిన లుంగీ

మగ్గం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

అసెంబ్లీకి నల్లజుట్టుతో పోయి, పార్లమెంటులో తల నెరిసిన మా గుడియాత్తం ఊరి పెద్దాయనకు నేతగాళ్ల వీధిలో సన్మానం చేసినాము. శాలువా కప్పే భాగ్యం నాది. చప్పట్ల మధ్య సంచిలోంచి తీసి ఆయన భుజాల మీద పరిచినాను. చూస్తే గళ్ల లుంగీ! వేలూరు అంగడికి పంపాల్సిన సరుకు సంచి తెచ్చేసినాను.

జనం గొల్లుమన్నారు. "వీధి పరువు తీస్తివి కదరా!" అని నేతగాళ్ల సంఘం పెద్ద పళ్లు కొరికినాడు. నేను లుంగీ వెనక్కి లాగబోయినాను.

పెద్దాయన అంచు తడిమి చూసి మైకందుకున్నాడు. "శాలువాలు బీరువా నిండా ఉండాయి నాయనా. కట్టుకునేది ఇచ్చినోడివి నువ్వొక్కడివే!"

వీధంతా ఈలలే. ఆ లుంగీతోనే ఆయన పార్లమెంటుకు పోయినాడు.

సరే, పార్లమెంటు మాట నా కల్పన. ఇంటి వాకిట్లో అదే కట్టుకుని పేపరు చదువుతుంటే మాత్రం కళ్లారా చూసినాను.