ఏడు గోడల రాజ్యంలో డప్పుకు చోటు

1983 జూన్‌లో నన్ను హనుమకొండ సుబేదారిలో ఉన్న ఒక బాలికల హాస్టల్‌కు అసిస్టెంట్ మేట్రన్‌గా వేశారు. పైన సూపరింటెండెంట్, ఆమె కింద మేట్రన్, ఆ కింద నేను. సంతకాలు సూపరింటెండెంట్‌వి, స్టోరు తాళాలు మేట్రన్‌వి, పిల్లలు నా వంతు. బడి ముఖం చూడకుండా ఇంట్లో మా నాన్న దగ్గరే చదువుకొని, ప్రైవేటుగా మెట్రిక్ పాసైనదాన్ని. ఆ ఉద్యోగం దొరకడం దేవుని దయ అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

నా పనుల్లో శనివారం ఆట ఒకటి. నాకంటే ముందు అక్కడ ఇంగ్లిష్ చెప్పడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, వెళ్తూ వెళ్తూ ఒక ఆటపెట్టె వదిలిపోయింది. ఆమె ముఖం నేను చూడలేదు కానీ ప్రార్థనలో ఆమెను చాలాసార్లు తలుచుకున్నాను. ఆ ఆటకు గళ్ళ పలక ఉండదు. ఒకరు సూత్రధారిగా కూర్చొని రాజ్యాన్నీ దారినీ ఎదురైన ఆపదనూ చెప్తారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకొని, 'నేనిప్పుడు ఇది చేస్తాను' అంటారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. పాత్రల్లో రకాలుంటాయి, ఒక్కో రకానికి ఒక శక్తి, ఒక లోటు. ఆ రకాలను మేం కొలువులు అనేవాళ్ళం.

పెట్టె తెరిచి చూపించగానే సూపరింటెండెంట్ అమ్మగారు మొహం చిట్లించారు. "పాచికలు జూదగాళ్ళయి, మంత్రాలు సైతానుయి. ఆ రెండు దీసేసి ఆడిపియ్యి" అన్నారు. పాచికల బదులు ఐదు చింతగింజల్ని ఒకవైపు తెల్లగా అరగదీశాను. వేసినప్పుడు ఎన్ని తెల్లగా పడితే అంత బలం. మంత్రగాడు మూలికలమ్మ అయ్యాడు, దొంగ వేగు అయ్యాడు. సిపాయి సిపాయిగానే ఉన్నాడు. ఈ మూడు కొలువులకు తగ్గట్టు ఏడు వరుసల గోడలున్న కోట, ధర్మసాగర్ చెరువును చూసి గీసిన ఒక పెద్ద చెరువు, దాని కింద పల్లెలు. వేరే దేశపు అడవుల్లో పుట్టిన ఆట మా నేల మీద చక్కగా నడిచింది.

జులైలో రూతు వచ్చింది. తొర్రూరు దగ్గరి పల్లె, ఎనిమిదో తరగతి. అన్నం ముందు పెట్టుకొని కిటికీ వైపు చూసేది. వచ్చిన వారానికే "నేను ఇంటికి పోత మేట్రనమ్మా" అంది. మా నియమం ప్రకారం నెలాఖరు ఆదివారమే తల్లిదండ్రులు రావాలి, అప్పుడే గేటు పాసు. రానీ చూద్దాం అన్నాను. వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. చేలల్లో కలుపు పని మొదలైంది. ఆ పనిలో పడ్డ పిల్ల మళ్ళీ పుస్తకం పట్టడం నేను చూడలేదు. ఈ పిల్లను ఆపడానికి నా చేతిలో ఉన్నది ఆ నెలాఖరు దాకా సమయం, ఒక ఆట.

మొదటి శనివారం, ఏ కొలువు తీసుకుంటావని అడిగాను. "వీట్ల నాకు ఒక్కటి గూడ రాదు" అంది. మరి మీ ఇంట్లో ఏం చేస్తారంటే, "మా బాపు డప్పు కొడ్తడు" అని నేల చూసింది.

ఆ ఆటలో పెద్ద సిపాయి శోభ. తొర్రూరులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి. "నాకెర్కే! మా దుకాణం ముంగట దండోర ఏస్తడు. యుద్ధానికి డప్పెందుకే, సచ్చినోళ్ళను సాగదోలనీకా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఏముందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. రూతుకు మరీ బాగా తెలుసు.

వచ్చే శనివారానికి డప్పు కొలువు ఉంటుందని అక్కడే ప్రకటించాను.

ఆ వారం సాయంత్రపు ప్రార్థనల్లో యెహోషువ గ్రంథం నడుస్తోంది. బూరల ధ్వనికి యెరికో గోడలు కూలిన చోటికి వచ్చాం. ఇంకేం ఆలోచించాలి అనిపించింది. డప్పు మోగితే శత్రువు పట్టుకున్న కోటగోడ కూలుతుందని నియమం రాశాను. సూపరింటెండెంట్ అమ్మగారికి కూడా నచ్చింది. "వాక్యానుసారంగున్నది" అన్నారు.

శనివారం రూతు చింతగింజలు వేసింది. మొదటి గోడ కూలింది. రెండోది, మూడోది. ఏడో గోడ కూలేసరికి శత్రువులంతా పారిపోయారు. వేగుకు దూరడానికి కంత లేదు, సిపాయికి కొట్టడానికి మనిషి లేడు, మూలికలమ్మకు కట్టు కట్టడానికి గాయం లేదు. శోభ లేచి పావడా దులుపుకుంది. "ఇగ మేమెందుకు? ఆమె డప్పే అన్ని జేస్తాంది. మేం పోయి చింతపండు నార దీస్తం" అంది. ఆట ఆగిపోయింది. రూతు మునుపటికంటే ఒంటరిదైంది.

మర్నాడు చర్చి నుంచి వస్తుండగా చినుకులు పడుతున్నాయి. రూతు నా గొడుగు కిందికి వచ్చి నడుస్తూ, అడగకుండానే అంది: "డప్పు గోడలు పడగొట్టది మేట్రనమ్మా. గిట్ల వాన వడ్తె అసలు పలుకనే పలుకది. తోలు మెత్తగైతది. మంటకు కాపాలె. కాపేటప్పుడు ఎవలన్న గడ్డి ఎయ్యాలె, ఎవలన్న గాలికి అడ్డముండాలె."

మరి డప్పు ఏం చేస్తుందని అడిగాను.

"జెప్తది. ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. ఎర్కున్నోళ్ళకు అర్థమైతది, ఎర్కలేనోళ్ళకు ఉత్త సప్పుడే."

ఆ మధ్యాహ్నమే యెరికో నియమం కొట్టేశాను. కొత్త కొలువును ఇలా రాశాను. డప్పు ఊళ్ళకు కబురు చెప్తుంది. ఆ కబురు రాజ్యపు జనానికి అర్థమవుతుంది, శత్రువుకు అర్థం కాదు. తడిస్తే పలకదు. కాపుకొనే దాకా డప్పు చేతిలో ఉన్న మనిషి కత్తి పట్టలేదు, పరుగెత్తలేదు, ఎవరైనా కావలి ఉండాలి. తర్వాత రాజ్యంలో అలాంటి కబురు అవసరమయ్యే ఆపదను కల్పించాను. కొలువును రాజ్యంలోకి తేవాలంటే ముందు రాజ్యంలో దానికి పని ఉండాలి.

నెలాఖరు ఆదివారానికి ముందురోజు ఆట అదే. శత్రువు చెరువు కింద దిగి ఉన్నాడు. తూము ఎత్తితే శత్రువు కొట్టుకుపోతాడు, కానీ కింది పల్లెలు కూడా మునుగుతాయి. జనాన్ని ముందే గట్టుకు ఎక్కించాలి. పైన వాన.

"డప్పు నానింది" అంది రూతు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేగు వెళ్ళి రాతిచాటు వెతికింది. మూలికలమ్మ తన సంచిలోని ఎండు వేళ్ళు మంటకు ఇచ్చేసింది. శత్రువు కావలివాళ్ళు పొగ చూశారు. చివరికి శోభ, "నా డాలు మంట మీద గొడుగు లెక్క పడుత. డాలు లేకుంటే నన్ను పొడుస్తరు, పొడువనీ. ఏయ్ రూతూ, జల్ది కాపుకోయే!" అంది. గింజలు వేస్తే శోభ సిపాయికి గాయమైంది, మంట మాత్రం ఆరలేదు. రూతు అన్నం పళ్ళెం బోర్లించి రెండు పుల్లలతో కొట్టింది. నేను ఆ దెబ్బ అంతకుముందు విననిది. మొదటి రెండు పల్లెలు గట్టెక్కాయని చెప్పాను. మూడో పల్లెకు దారి తీస్తుండగా ప్రార్థన గంట కొట్టారు. మా దగ్గర గంట కొడితే ఎంతటి రాజ్యమైనా అక్కడే ఆగాలి.

మర్నాడు రూతు తండ్రి యాకోబు వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకొని, "పిల్ల రమ్మన్నదటమ్మా, తోల్కపోత" అన్నాడు. గేటు పాసు పుస్తకం తెరిచి కూర్చున్నాను. రూతు ఖాళీ చేతులతో వచ్చింది.

"నీ బట్టల పెట్టె ఏది బిడ్డా?"

"నేను రాను బాపు. ఊర్లోళ్ళు ఇంక గట్టెక్కలే. రెండూళ్ళకే జెప్పిన."

యాకోబు కంగారుగా నా వైపు తిరిగాడు. "ఏ ఊర్లమ్మా? వరదలొచ్చినయా?"

వెనకాలే వచ్చిన శోభ అంది: "మా రాజ్యంల ఊర్లు కాకా. ఆటల. వానల డప్పు గాపి ఈమెనే జెప్తాంది. ఈమె పోతే అందరు మునుగుతరు."

దుకాణం ముందు చాటింపు వేసే మనిషిని దుకాణంవారి పిల్ల కాకా అనడం ఆయనకు కొత్త. కాసేపు ఆమెనూ కూతురినీ చూశాడు. తర్వాత తలపాగా చుట్టుకున్నాడు. "దండోరకు లేసినోడు ఆఖరి ఇల్లు దాక పోవాలె. నడిమిట్ల ఇడిసిపెట్టొద్దు. అయినంక కబురు జెయ్యి బిడ్డా" అన్నాడు.

పాసు రాయకుండానే పుస్తకం మూశాను. రూతు పదో తరగతి పరీక్షలు ఆ హాస్టల్ నుంచే రాసింది.

నేను మేట్రన్‌నై ఆ పని వదిలే దాకా ఆ రాజ్యంలోకి ఇంకొన్ని కొలువులు వచ్చాయి: పడవ నడిపే మనిషి, వలలు అల్లే మనిషి, బావులు తవ్వే మనిషి. దేన్నయినా తెచ్చేటప్పుడు మూడు సంగతులు ముందు తేల్చుకునేదాన్ని: దీనికి ఎవరు కావాలి, ఎవరికి ఇది కావాలి, ఎప్పుడు ఇది పనికిరాదు. శక్తి ఎంతన్నది ఆఖరున రాసేదాన్ని. జాలిపడి ఇచ్చిన బలం కొలువును ఒంటరిని చేస్తుంది. లోటు సరిగ్గా రాస్తే దాని పక్కన నిలబడటానికి మిగిలినవాళ్ళకు చోటు దొరుకుతుంది.