బాతు గూట్లో నూలు

నగరికి కోడలిగా వచ్చిన నాటినుంచీ చౌడేశ్వరమ్మ బతుకు మగ్గం దగ్గరే. ముందు చేమగ్గం, ఇప్పుడు మరమగ్గం. తెగిన పోగు కంటబడితే ముడి వేయకుండా ఉండలేదు. మగ్గం మీదిదే కానక్కర్లేదు, పక్కింటి పిల్ల గౌనుకు వేలాడే దారమైనా సరే, ఆ వేళ్ళు ఊరుకోవు.

ఇంటి వెనక ఆమెకు మూడు బాతులుండేవి. రెండు మగవి, ఒకటి ఆడది. తంటా అంతా అక్కడే. వాన నీటి గుంటలో దిగితే చాలు, మగవి రెండూ వంతులేసుకుని ఆడదాని మెడ ఈకలు ముక్కుతో పట్టి, వీపెక్కి, నీళ్ళలో ముంచేవి. పాపం, దాని మెడ బోడి అయిపోయింది. చూడలేక ఒక మగదాన్ని సత్యవేడులో ఉన్న చెల్లెలికి ఇచ్చేసింది.

ఇళ్ళల్లో పెరిగే బాతులు గుడ్లు ఎక్కడపడితే అక్కడ వేసిపోతాయి, పొదిగే చాకిరీ కోడిది. ఇది మాత్రం కట్టెల మోపు పక్కన తనే కూర్చుంది. పొట్ట ఈకలు పీక్కుని గుడ్ల చుట్టూ పరుచుకుంటోంది. చౌడేశ్వరమ్మ ప్రాణం ఉసూరుమంది.

"వొళ్ళు పీక్కుంటా ఉండావేమే? మనింట్లో నూలుకేం తక్కువ?" అని మగ్గం కింద రాలిన దారాలు గుప్పెడు తెచ్చి గూట్లో కూరింది. చెదిరిపోకుండా కొసలు కలిపి ముడులు కూడా వేసింది.

"బాతుకు గూడా చీర నేస్తాండావా అక్కా?" అని పక్కింటి నాగరత్నమ్మ నవ్వింది.

గుడ్లు పగిలి పిల్లలొచ్చిన మర్నాడు తల్లి వాటిని వెంటేసుకుని గుంటకు బయల్దేరింది. ఒక పిల్ల మాత్రం గూట్లోనే గిలగిలా కొట్టుకుంటోంది. కాలికి దారం చుట్టుకుంది. లాగేకొద్దీ బిగుస్తోంది. పాదం అప్పటికే నల్లబడింది.

ముడి చూడగానే చౌడేశ్వరమ్మ గుర్తుపట్టింది. తనదే. విడిపోకూడదని వేసిన ముడి, వేసినామెకే లొంగలేదు.

"ఏమయ్యో, కత్తెర తీసుకోని రా బిరీన!" అని షెడ్డులో ఉన్న భర్త మునిరత్నాన్ని కేకేసింది. మగ్గాల మోతలో ఆయనకు వినబడలేదు. పిల్ల అరుపు విని తల్లి మాత్రం వెనక్కి తిరిగింది. రెక్కలు విప్పుకుని వచ్చి, ఆమె ముంజేతిని ముక్కుతో పట్టి మెలిపెట్టింది.

చౌడేశ్వరమ్మ చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే చేతిలో పట్టుకున్న దారం బిగిసి పిల్ల కాలు ఊడుతుంది. వంగి, దారాన్ని పళ్ళతో కొరుకుతూనే ఉంది. సిగ్గుతో కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. చివరికి దారం తెగింది. పిల్ల కుంటుకుంటూ పోయి తల్లి కిందకి దూరింది.

తల్లి ఇంకా ఆమె చెయ్యి వదల్లేదు.

"కొరుకు తల్లీ," అంది చౌడేశ్వరమ్మ. "నీ వొంటి ఈకలు సాలవనుకుంటి సూడు, నాది పొగరు. కొరుకు."