వరదానం గారి తడిగుడ్డ

ఏలూరు మ్యూజియంలో అటెండరు వరదానం గారికి కోపం వచ్చేది కుంకుమ బొట్టు చూస్తేనే. కైకలూరు దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే బయటపడిన తలలేని బుద్ధ విగ్రహం ఆయన హాల్లోనే ఉంది. పక్కన "ముట్టరాదు" అని బోర్డు కూడా ఉంది. అయినా వచ్చిన ఆడవాళ్ళు దండం పెట్టుకుని, పాదాలకు పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ పోయేవారు. సాయంత్రం తలుపులు వేసేముందు ఆయన సణుక్కుంటూ, తడిగుడ్డతో కాలివేళ్ళ సందులతో సహా తుడిచేవారు.

"క్రిస్టియన్ కదా, అందుకే చెరిపేస్తున్నాడు" అందొకావిడ ఓసారి, వినపడేలానే.

"యేసు ప్రభువుకి పెట్టినా తుడుస్తానండీ. రాయి పాడైపోతుంది" అన్నారాయన.

ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచాయి. రిటైరయ్యే రోజు ఆయన తుడుస్తుంటే వీరదుర్గ అనే పెద్దావిడ వచ్చి నిలబడింది. ఆ విగ్రహం దొరికింది వాళ్ళ చెరువులోనే.

"ఇన్నేళ్ళూ ఈ పని చేసింది మీరేనా అండీ?"

"నేనేనండీ" అన్నారు వరదానం గారు, దెబ్బలాటకి సిద్ధపడి.

"రోజూ స్నానం చేయించారన్నమాట. మా ఇంట్లో ఉంటే మేం ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళం కాదండీ."

ఆయన గుడ్డ పిండి ఆరేసి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. ఆదివారాలూ డ్యూటీయే కాబట్టి, ఉద్యోగంలో చేరాక తీరుబడిగా చర్చికి వెళ్ళగలిగిన తొలి ఆదివారం. వరదానం గారు మాత్రం మ్యూజియం తెరిచేదాకా గేటు దగ్గర నిలబడి, "గట్టిగా రుద్దకండి, అరిగిపోతుంది" అని కొత్త అటెండరుకి పాదాలు తుడిచి చూపించి, ఆరాధన సగమయ్యాక చర్చికి చేరారు.