అత్తయ్య కట్టిన ఏటిలంక

"ఈ ఆదివారం ఆట లేదు. అమ్మ పోయింది."

ఆ కబురు అత్తయ్య ఫోన్ నుంచే వచ్చింది. మా ఆట కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో, "వస్తున్నారా, ఎగ్గొడుతున్నారా?" అని ఆవిడ అడిగే చోటే వాళ్లమ్మాయి సుజాత పెట్టింది. రేపల్లెలో నా మందుల షాపులో నిలబడి మళ్లీ మళ్లీ చదివాను. ఎదురుగా ఉన్న పెద్దాయన "ఏంటి బాబూ, మందు లేదా?" అన్నాడు. ఉందన్నాను గానీ, ఏం మందో ఆయన్ని మళ్లీ అడగాల్సి వచ్చింది.

అత్తయ్య మా నాన్నకు అక్క. తెనాలిలో పుస్తకాలూ పెన్నులూ ఆటవస్తువులూ అమ్మేది. బాపట్లలో చదువుకునే పిల్లలెవరో అడిగారని ఒకసారి విదేశీ ఆటల పెట్టెలు తెప్పించింది. చదరంగంలా ఎదుటివాణ్ణి ఓడించే ఆట కాదది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలో పాత్రా అయ్యి "నేనిప్పుడు ఆ తలుపు తీస్తాను" అంటారు. తలుపు తెరుచుకుందో లేదో పాచికలు చెబుతాయి. ఆ పెట్టెలోని లోకం నిండా కోటలూ, నిప్పులు కక్కే డ్రాగన్లూ. తనకే తెలియని సరుకు ఎలా అమ్మేదని, ఓ ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి మమ్మల్ని కూర్చోబెట్టింది. నేను, రేపల్లె దగ్గరి నగరం అనే ఊళ్లో రొయ్యల మేత అమ్మే రఘు, బాపట్లలో లెక్చరర్‌గా చేస్తున్న చీరాల నేతవారి అమ్మాయి మాధవి. నన్ను చూసి వాళ్లూ అత్తయ్య అనే పిలిచేవాళ్లు.

మొదటి ఆటే చెడింది. కథలో మేమొక సత్రంలోకి వెళ్లాం. పుస్తకం ప్రకారమైతే అక్కడ ఓ గొడవ జరగాలి, మేం కత్తులు దూయాలి. రఘు మాత్రం సత్రం యజమానిని "బాబాయ్, మీదే ఊరండి? ఎవరి తాలూకు?" అని పలకరించాడు. మాధవి అందుకుని, "పిల్లలెంతమందండి? మీకు ఏ కాలవ నీళ్లొస్తాయి?" అంది. అత్తయ్య పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. ఆ మనిషికి ఊరు కాదు కదా, పేరు కూడా లేదు. సాయంత్రమైనా మేం సత్రం గడప దాటలేదు. అత్తయ్య కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మీరు మారర్రా. సర్లే, మీరడిగితే చెప్పేవాళ్లుండే ఊరు నేనే కడతా."

అలా పుట్టింది ఏటిలంక. కృష్ణ సముద్రంలో కలిసేచోట లంకలు, మడ అడవులు, పోటు, ఉప్పెక్కిన పొలాలు. ఆ లోకానికి ఒకటే నియమం. అక్కడ ఎవరైనా సరే ముందు మీదే ఊరని అడుగుతారు. మీరెవరో చెప్పుకున్నాకే మీకో మాట చెబుతారు. అబద్ధం చెబితే పాచికలు పట్టిస్తాయి. ఆ లోకం కోసం మమ్మల్ని సూర్యలంక తీసుకెళ్లి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల పక్కన ఇసుకలో కూర్చోబెట్టింది. మాకు ఎండ దెబ్బ తగిలింది, ఆవిడకి మాత్రం బోలెడు గొంతులు దొరికాయి.

దాన్ని తెనాలిలోనే అచ్చేయించి, పెట్టెల్లో సర్ది, కోటల పెట్టెల పక్కనే పేర్చింది. బాపట్లలో ఓ కాలేజీ పండగకి రెండు రకాలూ పట్టుకెళ్లాం. మధ్యాహ్నానికల్లా కోటల దొంతర కరిగిపోయింది. లంక దొంతర పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఒక కుర్రాడు పెట్టె తెరిచి, "ఇది మా ఊరేగా ఆంటీ, ఇంటికెళ్తే కనపడుద్ది" అని నవ్వుతూ మూసేశాడు. కొన్న ఒకాయన సాయంత్రం తిరిగొచ్చి, "ఇందులో పటమూ ప్రశ్నలూ తప్ప ఏం లేదండి" అన్నాడు. నిజమే, లేదు. అత్తయ్య డబ్బులిచ్చి పెట్టె వెనక్కి తీసుకుంది.

తిరుగు బస్సులో అంది, "ఆ కోట ఎవరిదీ కాదురా. అందుకే ఎవడైనా దూరతాడు. మన లంకలో ముందు నువ్వెవరో చెప్పుకోవాలి. అది కష్టం."

"లోపల కథంతా రాసి పెట్టత్తయ్యా. నువ్వు లేకపోయినా ఆడుకుంటారు."

"నేనెక్కడికి పోతాను? రాస్తే చదువుతారు, ఇక అడగరు."

ఆవిడకో మాట ఉండేది: "ఎన్ని అమ్ముడుపోయాయని చూడకు, ఏది అరిగిందో చూడు." మూలలు నలిగి మెత్తబడ్డ లంక పెట్టె చూపించి మురిసిపోయేది. ఆ అరిగినది మా పెట్టె ఒక్కటే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

చివరి ఆదివారం మేం కథలో నడి ఏట్లో ఉన్నాం. పటం మీద మా పడవకి గుర్తు ఒక చింతగింజ. అది సముద్రం అంచుకి వచ్చేసింది, ఎదురుగా తుఫాను. దారి పొడుగునా నోరు మెదపని, పడవ నడిపే తాత ఒక్కసారి తెడ్డు పైకెత్తి మావైపు తిరిగాడు. సరిగ్గా అక్కడ ఆపేసింది. ఎప్పుడూ అంతే, ఊపిరి బిగబట్టిన చోటే ఆపేది.

"ఇవాళ్టికి చాలు. టీ తాగండి."

పెద్దకర్మ అయిన మర్నాడు సుజాత సరుకు అమ్మకానికి పెట్టింది. మేం ముగ్గురం సాయం వెళ్లాం. ఆ పిల్లకి ఉద్యోగం ఉంది, కొట్టు ఎవరు చూస్తారు? హోల్‌సేల్ ఆయన వచ్చి కోటల పెట్టెలన్నీ తీసుకున్నాడు. లంక పెట్టె అటూ ఇటూ తిప్పి, "ఇవి కదలవండి" అని కింద పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన్ని అని ఏం లాభం? కోటలు కట్టిన మనిషి ఉన్నాడో పోయాడో మాకెవరికీ తెలియదు, ఆ ఆట మాత్రం ఎవరు నడిపినా నడుస్తుంది. మా లంక ఆవిడ గొంతులో ఉంది. ఆ గొంతే లేదు. ఆవిడతోపాటు ఆ ఊరు కూడా పోయిందేమోనన్న బెంగతో నాకు నిద్ర పట్టడం లేదు.

"మీరు ఆడుకునే ఈ బల్ల కూడా రేపు పట్టుకెళ్తారు. ఒక్కసారి కూర్చోండి," అంది సుజాత. అత్తయ్య కథ నడిపే కుర్చీ చూపించి, "నువ్వు కూర్చో బావా" అంది.

కూర్చున్నాను. రఘు గొంతు సవరించుకుని అడిగాడు, "తాతా, ఏదో చెప్పబోయావు. ఏంటది?"

నాకేం తెలుసు? ఆ తాత ఏం చెబుతాడో తెలిసిన మనిషి ఒక్కతే. నాకు తెలిసిందల్లా ఆ లోకపు నియమం. అదే అడిగాను.

"ముందు మీరు చెప్పండి. మీదే ఊరు? ఎవరి తాలూకు?"

పాత్రల కాగితాల మీద ఊళ్లు రాసే ఉన్నాయి. రఘు కాగితం చూడలేదు.

"అత్తయ్య తాలూకు, తాతా," అంది మాధవి.

అబద్ధమని అనుమానమొస్తే పాచికలు వేయాలి. నేను వేయలేదు. తర్వాత తాత ఏమంటాడో నాకింకా తెలియదు. చింతగింజ సముద్రం అంచునే ఉంది. షట్టర్ కిందనుంచి ఎండ బల్ల కాళ్లదాకా వచ్చింది. రఘూ మాధవీ నా నోటివైపే చూస్తున్నారు.