పొగాకు చేతులు తగలని రేడియో

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి వంటింటి గూట్లో ఉండే చిన్న రేడియోను చేతిలోకి తీసుకొని, బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఇన్నాళ్లుగా వాడుతూ ఒక్క స్టేషన్ కూడా సేవ్ చేసుకోలేదేమని అడిగింది. అరచేతిలో పట్టే డిజిటల్ రేడియో అది. ముల్లు లేదు, తిప్పే నాబు లేదు, చిన్న తెర మీద అంకెలు వెలుగుతాయి. మనకు కావలసిన స్టేషన్లను ఒకటి, రెండు, మూడు అని దాచిపెట్టుకుంటే ఆ నంబరు నొక్కగానే పలుకుతాయి. మా రేడియోలో ఏ నంబరు నొక్కినా తెర మీద అడ్డగీతలే. "ఆగమ్మా, స్కాన్ పెడ్త. అదే అన్నీ ఎతుక్కుంటది" అని ఒక బటన్‌ను అదిమి పట్టబోతే, నేను పొయ్యి మీది చారును వదిలేసి వచ్చి దాని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఉద్యోగం చేసుకునే పిల్ల, ఎప్పుడో తీరిక దొరికితే జగిత్యాలకు వస్తుంది. వచ్చిన పిల్లను ఒక రేడియో కోసం కసురుకుంటే ఏమనుకుంటుంది? మూతి ముడుచుకొని, ఫోను పట్టుకొని వరండాలోకి పోయింది. ఈలోపు చారు పొంగి పొయ్యంతా పారింది. అది తుడుస్తుంటే పెద్దమ్మ గుర్తుకొచ్చి, చేతిలో మసిగుడ్డతోనే కాసేపు కింద కూర్చుండిపోయాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. తంగళ్ళపల్లిలో ఉండేది. మేముండేది కోరుట్లలో. ఎండాకాలం సెలవులు రాగానే వేములవాడలో బస్సు మారి, చెమటతో తడిసిన గౌను ముడతలు సవరించుకుంటూ ఆ ఇంటి ముందు దిగేదాన్ని. పెద్దమ్మ బీడీలు చేసేది. ఆమె భర్త, నాకు పెద్దబాపు, సైకిల్ మీద మానేరు వంతెన దాటి సిరిసిల్లకు పోయి సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే మరమగ్గాలు. ఒకసారి ఆయనకు సద్ది ఇవ్వడానికి ఆ షెడ్డులోకి పోయి, గడపలోనే చెవులు మూసుకొని నిలబడ్డాను. లోపల మనుషులు నోళ్లు కదుపుతున్నారు, చేతులు ఊపుతున్నారు, నవ్వుకుంటున్నారు, మాట మాత్రం ఒక్కటీ వినపడదు. ఆ మోతలో పెదవులు చూసి మాట అర్థం చేసుకోవడం వాళ్లకు అలవాటు. ఇంటికి వచ్చినా ఆ గొంతులు దిగేవి కావు. పెద్దబాపు వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని మామూలుగా అంటే చాలు, వాడకట్టంతా పెద్దమ్మను పరామర్శించేది.

బీడీలు చేసేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు, కళ్లూ ఖాళీ ఉండవు. ఆకు కత్తిరించాలి, పొగాకు పోయాలి, చుట్టాలి, కొస మడవాలి, దారం కట్టాలి. తల వంచితే మళ్లీ పొద్దుగూకేటప్పుడే ఎత్తడం. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. అందుకే ఇళ్లలోకి టీవీలు వచ్చినా పెద్దమ్మకు రేడియోనే ఆసరా. ఆమె చాట ముందు కూర్చుంటే రేడియో ఎదురుగా గూట్లో పాడుతూనే ఉండాలి. పాటలు, వార్తలు, పంటలకు మందులెట్లా కొట్టాలో చెప్పే మాటలు, అన్నీ వినేది. గుంటెడు భూమి లేని మనిషి, వరికి ఏ తెగులు వస్తే ఆకు ఏ రంగుకు మారుతుందో గొల్లపల్లిలో వ్యవసాయం చేసే మా మేనమామకు చెప్పి, ఆయన చేత నవ్వించుకునేది. అయితే రేడియోను ఆమె ముట్టుకునేది కాదు. పొగాకు చేతులు తగిలితే ఆ ధూళి లోపలికి పోయి గరగరమంటుందని చెప్పేది. మమ్మల్నీ ముట్టనిచ్చేది కాదు. దాన్ని పెట్టే పని పెద్దబాపు ఒక్కడిదే.

ఆ పెట్టడం కూడా ఒక తంతు. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకొని, చాయ తాగి, సైకిల్ బయటికి తీసి గోడకు ఆనించి, మళ్లీ లోపలికి వచ్చేవాడు. అప్పటికే పెద్దమ్మ చాట ముందు కూర్చుని ఉండేది. ఆయన గూటి పక్కన నిలబడి, ఒక చెయ్యి రేడియో స్పీకరు మీద ఆనించి, రెండో చేత్తో నాబును మెల్లగా తిప్పేవాడు. ముల్లు వైపు చూసేవాడు కాదు, పెద్దమ్మ వైపు చూసేవాడు. కుదిరాక తల ఊపి, "మంచిగున్నది పాట" అని వాడకట్టుకంతా వినపడేలా చెప్పి వెళ్లిపోయేవాడు. ఇక పొద్దుగూకేదాకా ఆ స్టేషన్ ఏది చెబితే అదే మాకు వేదం. ఆయనకు పాటలంటే ఎంత పిచ్చో అని నేను కోరుట్లకు వచ్చి గొప్పలు చెప్పేదాన్ని. ఒకనాటి సాయంత్రం పాట మధ్యలో సెల్లులు అయిపోయి రేడియో మూగబోతే, పెద్దబాపు అప్పుడే వచ్చి మంచం మీద కూర్చుని, దాని వైపు చూస్తూ తాళం వేసుకుంటూ తల ఊపుతున్నాడు. నేనూ, వాళ్ల బిడ్డ అంటే మా అక్కా, నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకొని నవ్వాం. పెద్దమ్మ మమ్మల్ని ఎన్నడూ తిట్టనంత గట్టిగా తిట్టింది. ఆయన మనసులో పాడుకుంటున్నడు, మీకేం తెలుసని అంది. పాడుకుంటున్నాడనే అనుకున్నాం.

ఏళ్లు గడిచాయి. అక్క పెళ్లయి ఎల్లంతకుంటకు పోయింది, నేను జగిత్యాలకు వచ్చి అంగన్‌వాడీలో చేరాను. మొన్నటి కరోనా కాలం దాటాక ఒక చలికాలంలో పెద్దబాపు పోయాడు. ఆ పొద్దున కూడా, పని బంద్ చేసినా అలవాటు మానక సైకిల్ బయటికి తీసి, లోపలికి వచ్చి రేడియో పెట్టి మంచం మీద ఒరిగాడట. చావు జరిగిన ఇంట్లో రేడియో మోగకూడదని ఎవరో చుట్టం పోయి దాన్ని ఆపింది. అలవాటు లేని చెయ్యి, ఆపే నాబు ఏదో తెలియక రెండూ ఇటు చివరికి తిప్పేసింది. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఇక రేడియో పెట్టుకో అని అక్క చెప్పినా పెద్దమ్మ వినలేదు. చాటను గోడకు ఆనించి పెట్టేసింది. పిలిస్తే పలుకుతుంది, పెడితే రెండు ముద్దలు తింటుంది, అంతే. ఎల్లంతకుంటకు రమ్మంటే రాదు. అక్క ఫోను చేసి, "నువ్వన్న పోయి మాట్లాడే. నాకు భయమైతున్నది. అమ్మ గూడ గిట్లనే పోయేటట్టున్నది" అని ఏడ్చింది.

మాట్లాడటానికి నాకేం మాటలు దొరుకుతాయి? ఎంత తిప్పినా పలకని ఆ పాత రేడియోను సిరిసిల్ల బజారులో బాగుచేసే ముసలాయన దగ్గరికి పట్టుకుపోతే, దాని సామాను ఇప్పుడు రాదమ్మా అని కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. అప్పుడే ఆ పక్క దుకాణంలో ఈ డిజిటల్ రేడియో కొన్నాను. చెయ్యి పొగాకైనా ఫరవాలేదు, నంబరు నొక్కితే చాలు, ఎవరి సాయమూ అక్కరలేదు అని దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. సెల్లులు వేశాను, ఏరియల్ లాగాను, కిటికీ పక్కన పెట్టాను. వాడే పద్ధతి రాసిన కాగితం ఇంత సన్నటి అక్షరాలతో ఉంది. దాన్ని వెలుతురుకు పట్టుకొని చదివి, స్కాన్ బటన్ అదిమి పట్టాను. అంకెలు పరుగెత్తాయి. ఒకచోట ఆగింది, పాట వచ్చింది, దాచుకుంది, మళ్లీ పరుగెత్తింది. పాతదానిలా గరగర లేదు. నాకు భలే సంతోషమైంది. తిరిగి చూస్తే పెద్దమ్మ ముఖం ఎత్తి, కళ్లు సగం మూసి, కదలకుండా కూర్చుని ఉంది. ఫొటో తీయించుకునే మనిషి కూర్చున్నట్టు. అంకెలు ఇంకోచోట ఆగగానే కళ్లు తెరిచి నన్ను అడిగింది.

"గిది ఎవల మొకం జూసి ఆగుతున్నది బిడ్డా?"

ఎవరి ముఖమూ చూడనక్కర లేదు పెద్దమ్మా, మంచిగా వచ్చేచోట దానంతట అదే ఆగుతుంది అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"మీ పెద్దబాపు నా మొకం జూసి ఆపెటోడు" అంది. మళ్లీ తనే, "ఆయనకు ఇనవడకపోయేది. నువ్వు చిన్నగున్నప్పటికెల్లే ఇనవడకపోయేది. సాంచెల మోతకు చెవులు పోయినయి. చెప్పుకోను నామోషి" అంది.

ఆ తర్వాత మెల్లగా అంతా చెప్పింది. మాట్లాడేటప్పుడు పెదవులు చూసి నెట్టుకొచ్చేవాడట. పాటకు పెదవులుండవు కదా. అందుకని స్పీకరు మీద చెయ్యి ఆనించి మోగుతున్నదా లేదా అని చూసుకునేవాడు, నాబు తిప్పుతూ ఆమె ముఖం చూసేవాడు. గరగరమంటే ఆమె నొసలు ముడిపడేది. పాట దగ్గరికొస్తుంటే మెడ కొంచెం ముందుకు వచ్చేది. కుదరగానే నొసలు విడిపోయి చెయ్యి ఆకు మీదికి పోయేది. అప్పుడు ఆపేసి, మంచిగున్నది పాట అని చెప్పి వెళ్లేవాడు. తనకు వినపడదని ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకు తెలుసో లేదో, ఇద్దరూ ఒక్కనాడూ ఎత్తుకోలేదు. మరి అంత తిప్పలెందుకు, నువ్వే పెట్టుకోవచ్చు కదా అన్నాను. పొగాకు సంగతి నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది.

"చేతులు గడుక్కుంటే నేను తిప్పుకోలేనా బిడ్డా? నేనే తిప్పుకుంటే ఆయన నా మొకం ఎందుకు జూస్తడు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు, కొంగుతో రేడియో తెరను ఒకసారి తుడిచింది, అంతే. ఆ కాగితం మళ్లీ తీసి, దాచుకున్న స్టేషన్లన్నీ ఎట్లా చెరపాలో వెతికి చెరిపేశాను. ఒక్కొక్క మెట్టు జరిపే బటన్ ఇంకొకటి ఉంది. దాన్ని నొక్కుతూ, తెర వైపు చూడకుండా ఆమె ముఖం వైపే చూశాను. నా పెద్దమ్మ ముఖాన్ని నేను అంతసేపు ఎన్నడూ చూడలేదు. పుట్టుమచ్చ పక్కన సన్నటి గాటు ఉందని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. నొసలు ముడిపడింది, విడివడబోయి మళ్లీ ముడిపడింది. చేతి కింద బటన్ నొక్కుకుంటూ పోయాను. ఒకచోట ఏదో పాత పాట, నిజానికి కొంచెం గరగరగానే ఉంది, కానీ ఆమె నొసలు విడిపోయింది. ఆపేశాను. ఆమె లేచి గోడకు ఆనించిన చాటను దించుకొని, ఆకు తడిపి పెట్టమని నాతో అంది.

తర్వాత వీలైన ఆదివారాలన్నీ తంగళ్ళపల్లికి పోయాను. మధ్యలో ఎవరు చెప్పినా ఆమె నంబర్లు పెట్టనీయలేదు. నేను ఆపిన చోటే వారమంతా వినేది. అక్క వస్తే అక్క తిప్పేది. పోయినేడు వానలు మొదలయ్యే ముందు పెద్దమ్మ కూడా పోయింది. దినాల నాడు అక్క ఆ రేడియోను పాతచీర ముక్కలో చుట్టి నాకు ఇచ్చింది. మా వంటింటి గూట్లో పెట్టుకున్నాను. రోజూ పొద్దున బటన్ నొక్కుతూ అలవాటుగా తల ఎత్తి ఎదురుగోడ వైపు చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. నా చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా ఎక్కడ ఆగాలో నాకు చప్పున తెలియదు.

పొయ్యి తుడవడం అయ్యాక వరండాలోకి పోయి మా అమ్మాయిని బతిమాలి పిలుచుకొచ్చాను. కథ ఏమీ చెప్పలేదు. రేడియో చేతికిచ్చి, స్కాన్ వద్దు, ఒక్కొక్క మెట్టు జరుపుతూ నువ్వే పెట్టు అన్నాను. ఎదురుగా పీట వేసుకొని కూర్చుని, ముఖం ఎత్తి పెట్టుకున్నాను. మంచి పిల్ల, కోపం మరిచి చకచకా నొక్కింది. దాని కళ్లు తెర మీది అంకెల మీదే ఉన్నాయి. శుభ్రంగా వచ్చే స్టేషన్ ఒకటి దొరగ్గానే, వచ్చింది చూడు అని గూట్లో పెట్టి, ఫోను మోగితే మళ్లీ బయటికి పోయింది.

నా ముఖం చూడు అని అడిగితే చూసేదే. పెద్దబాపును మాత్రం ఎవరూ అడగలేదు. వంతెన దాటి సాంచెల మీదికి ఉరకాల్సిన మనిషికి, పొద్దుపొద్దున్నే ఇంకొకరి నొసలు విడిపోయేదాకా చూస్తూ నిలబడే తీరిక ఎక్కడినుంచి వచ్చేదో. మా ఇంట్లో ఇప్పుడు అందరికీ ఆదివారాలున్నాయి, ఆ కాసేపు మాత్రం ఎవరి దగ్గరా లేదు.