ఓడను ఆపిన డాక్టరమ్మ

ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతూ నేను అద్దెకుంటున్న ఇల్లు వసుంధర ఆంటీది. డాక్టరుగా రిటైరై నాలుగేళ్లయింది. ఆవిడ ఒక దీవికి గవర్నరుగా పనిచేసిందని మా వీధిలో ఎవరికీ తెలియదు. నాక్కూడా, బీపీ పెరిగి ఆవిడ మంచం పట్టిన వారంలోనే తెలిసింది.

ఆవిడ కాకినాడలో చదివి, ఇంగ్లండులో పదేళ్లు పనిచేసి అక్కడి పౌరసత్వం తీసుకుంది. తర్వాత భర్త మహీధర్‌గారితో ఐర్లండ్ వచ్చింది. ఆయన క్యాన్సర్‌తో పోయాక ఈ ఇంట్లో ఒక్కతే ఉండలేకపోయింది. అట్లాంటిక్‌లో ఇంకా బ్రిటిష్ ఏలుబడిలోనే ఉన్న ఒక చిన్న దీవికి డాక్టరు కావాలంటే, యాభై ఆరేళ్ల వయసులో బయల్దేరింది.

ఆరు వందల మంది జనం, నెలకో ఓడ. అక్కడికి ఆడ డాక్టరు రావడం అదే మొదలు. మగవాళ్లు చెయ్యి చూపించుకోవడానికి కూడా వచ్చేవారు కాదట. ఓ తుఫాను రోజున విన్సెంట్ అనే జాలరికి అపెండిక్స్ పగిలింది. ఉన్న ఒక్క నర్సు సాయంతో ఆపరేషన్ చేసి బతికించింది. అప్పట్నుంచి విన్సెంట్, అతని భార్య ఆడ్రీ ఆవిడకు సొంతవాళ్లలా అయిపోయారు.

ఏడేళ్లకు అక్కడి గవర్నరు గుండెజబ్బుతో వెళ్లిపోతే, లండన్ వాళ్లు ఆవిడనే ఆ పదవిలో ఉండమన్నారు.

"మా తాతని జైల్లో పెట్టిన దొరతనం అది నిఖిలా. దాని తరఫున మొదటి సంతకం పెట్టేటప్పుడు ఆయనే గుర్తొచ్చాడు," అంది ఆంటీ.

ఏడాది తిరక్కముందే కోవిడ్ వచ్చింది. వైద్యానికని కేప్‌టౌన్ వెళ్లిన దీవివాళ్లు ఇరవై ముగ్గురు ఓడలో తిరిగొస్తున్నారు. వాళ్లలో విన్సెంట్ ఉన్నాడు. దారిలోనే జ్వరాలు మొదలయ్యాయి. దీవిలో ఆక్సిజన్ సిలిండర్లు నాలుగే. ఓడలోంచి ఎవరూ ఒడ్డుకి దిగకూడదని ఆవిడ ఉత్తర్వు ఇచ్చింది.

ఆడ్రీ ఆఫీసుకి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు డాక్టరువి! మా ఆయన్ని సముద్రం మీద వదిలేస్తావా?"

"వదలను. నేనే వెళ్తున్నాను."

"అయితే నన్నూ తీసుకెళ్లు."

"కుదరదు ఆడ్రీ."

పదవిని దీవి పాలకమండలి పెద్దకు అప్పగించి, రెండు సిలిండర్లతో పడవెక్కి ఓడ చేరుకుంది. ఇరవై రోజులు అందులోనే ఉంది. ఇరవై ఒక్కమంది కోలుకున్నారు. ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకడు విన్సెంట్. కెప్టెన్ ప్రార్థన చదివి శవాన్ని సముద్రంలోకి దించుతుంటే, ఆడ్రీ కొండమీద నిలబడి చూసింది.

దీవిలో ఒక్కరికీ జబ్బు సోకలేదు. మరుసటి ఏడాది ఆంటీ పదవి వదిలేసింది. బయల్దేరే రోజు వెళ్లి ఆడ్రీ ఇంటి తలుపు కొట్టింది. ఆడ్రీ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"నువ్వు చేసింది తప్పనను. కానీ నీ మొహం చూడలేను," అంది.

"ఇప్పుడైతే ఓడని రానిచ్చేవారా ఆంటీ?" అనడిగాను.

"లేదమ్మా. మళ్లీ ఆపేస్తాను. కానీ ఆడ్రీని వెంట తీసుకెళ్లేదాన్ని. ప్రాణానికి తెగించి తనే వస్తానంది. మొగుడి దగ్గరికి వెళ్లొద్దనడానికి నేనెవర్ని?"

కాస్త కోలుకోగానే ఆంటీ ఆ మాటే ఆడ్రీకి ఉత్తరంలో రాసింది. ఇన్నేళ్లలో అదే మొదటి ఉత్తరం. పోస్టులో వేసి వచ్చింది నేనే. అది దీవికి చేరడానికి రెండు నెలలు పడుతుందట.