ద్వారకనాథ్ ఎర్ర ఫ్లాస్కు

మా ద్వారకనాథ్‌కు ఒకటే పిచ్చి. యాడ బిడ్డ పుట్టినా పోయి, బిడ్డ వెనకాల పడే మాయ అడుగుతాడు. ఆడబిడ్డా మగబిడ్డా అని కూడా అడగడు. హోసూరు బట్టలంగడి సెట్టి కొడుకు, బెంగళూరు ల్యాబులో ఉద్యోగం, భుజాన ఎర్ర ఫ్లాస్కు. నేను పల్లెల్లో కాన్పులు చేసే నర్సును. ఎనభై మూడులో, సెలవు దొరికితే చాలు, నా సైకిలు వెనకాలే ఆయన స్కూటరు.

ఫ్లాస్కులో ఏముందని జూజువాడి చెక్‌పోస్టులో ఒకసారి అడిగినారు. ఐసులో మాయ ముక్క అన్నాడు. మళ్ళీ ఎవరూ దాన్ని ముట్టలేదు.

మాయను పసుపూ కుంకుమా పెట్టి పాతిపెట్టే ఇండ్లలో ముక్క ఎవరిస్తారు? తిట్టి తరిమేవాళ్ళు. ఆయన వాకిట్లో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తిమ్మమ్మ కాన్పునాడూ అంతే. అత్త అంజినమ్మ మాయను కుండలో పెట్టి గుంత తవ్విస్తా ఉంది.

"చిటికెడు చాలమ్మా. తల్లి రక్తంలో కాపలా కణాలుంటాయి. పరాయిదాన్ని చూస్తే కొడతాయి. మాయకు మాత్రం పోయి అతుక్కుంటాయి, కొట్టవు. ఎట్లా అతుక్కుంటాయో చూడాలి."

"నేనూ నా కోడలూ ఒకే ఇంట్లో లేమా? అట్లే. పో అప్పా."

"ముక్క లేకుండా పోతే నా ఉద్యోగం పోతుంది."

అంజినమ్మ మనసు కరిగింది. ఆయన మాయను అరిటాకు మీద పరిచి, వేలితో తడిమి, తలెత్తినాడు.

"నర్సమ్మా, ఈడ ఒక ముక్క తక్కువ. లోపలే ఉంది."

ఆ గుడ్డిదీపం వెలుతురులో అంతా వచ్చిందనే అనుకున్నాను. లోపలికి పోతే చాప నెత్తురుతో తడిసి ఉంది. రోడ్డుకు అడ్డంగా నిలబడి టమోటా లారీని ఆపింది ఆయనే. కృష్ణగిరి ఆస్పత్రి దారిలో, అంజినమ్మ ఎదురుగానే, తిమ్మమ్మ పొత్తికడుపు మీద పెడదామని ఐసు కోసం ఫ్లాస్కు తెరిచినాను. వేడి కాఫీ.

ఆస్పత్రిలో ముక్క తీసి, తిమ్మమ్మకు భయం లేదన్నాక, ఆయన్ను పట్టుకున్నాను.

"ఐసు యాడప్పా?"

"మా ల్యాబు పక్కనే కాన్పుల ఆస్పత్రి ఉందమ్మా. దినానికి పది మాయలు."

"మరి ఈడ అడుక్కునేది ఎందుకు?"

"అంతా వచ్చిందో లేదో చూస్తానంటే మగవాడికి ఎవరు చూపిస్తారు? నిన్ను తప్పు పట్టినట్టూ ఉంటుంది. ఉద్యోగం పోతుందంటే పాపమని చూపిస్తారు."

ఆ కాఫీ ఇద్దరమూ తాగినాము.

మూడేండ్లకు తిమ్మమ్మకు మళ్ళీ నొప్పులు. అంజినమ్మ వాకిట్లోనే నన్ను నిలిపింది.

"ఆ సెట్టికి చెప్పినావా? ఫ్లాస్కు ఖాళీగా తెమ్మను. కాఫీ ఈడే పోస్తాము."